ఘోషస్థలిలో గింజల వాదం

రాజు కొడుకే రాజు కావాలన్న శాసనం నాదగిరి రాజ్యంలో లేదు. పన్నెండేళ్ళకొకసారి జనమంతా ఒక మైదానంలో చేరి గొంతులు చించుకుని అరుస్తారు. ఎవరి పేరు మీద అరుపు ఎక్కువైతే వాడే ఏలిక. నవ్వొస్తోందా? నవ్వండి. మూడు వందల ఏళ్ళుగా ఆ రాజ్యం మాత్రం అలాగే నడిచింది.

ఆ మైదానం పేరు ఘోషస్థలి. మూడు వైపులా ఎర్రరాతి కొండలు గోడలు కట్టినట్టు లేచి నిలబడ్డాయి. కొండల నడుమ పదహారు మెట్ల రాతి వేదిక, దాని మీద పెద్దభేరి. ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి చేతులు చాచినా అందనంత వెడల్పు దానిది. చుట్టూ కంచు నెమళ్ళు, నెమళ్ళ కళ్ళలో కెంపులు, అంచు పొడవునా వెండి గజ్జెలు. అడవిదున్న తోలును పాలలో నానబెట్టి బిగించిన ఆ తెల్లని పొర మీద సిందూరంతో ఏడు గుండ్రటి గీట్లు గీసి ఉంటాయి. నడిమధ్యన దోసెడు ఆవాలు పోస్తారు. జనం అరిస్తే తోలు అదురుతుంది, ఆవాలు ఎగిరెగిరి అంచు వైపు జరుగుతాయి. ఎన్ని గీట్లు దాటితే అంత బలం అన్నమాట. ఆ గీట్లు చూసి తీర్పు చెప్పే ముసలాయన్ని ఆవపెద్ద అంటారు.

ఆ రోజు ఘోషస్థలిలో ఇసక వేస్తే రాలనంత జనం. ఏలికను ఎన్నుకోవడానికి ఇంకా పది రోజులుంది. అంతకన్నా పెద్ద తగవు తేలాల్సి ఉంది ఆ రోజు. అసలు ఇక మీదట కేకలు వేయాలా, మానేసి గింజలు వేయాలా అన్న తగవది.

జనంలో, వేదిక మెట్లకు పక్కగా, నూనె కావిడి దింపుకుని ఒక గడ్డంవాడు నిలబడ్డాడు. గడ్డం మేకబొచ్చుతో చేసినది, ముఖం నిండా మసి. ఆ మసి వెనక ఉన్నది కుమ్మరి ఓబన్న కొడుకు కొమరన్న. వాడి కళ్ళు వేదిక మీద సింహాసనంలో కూర్చున్న ఏలిక కరాళకేతుడి మీద నుంచి కదలడం లేదు.

"ఏరా, నీ పళ్ళు కొరికే చప్పుడు నా దాకా వినబడతా ఉంది. కాస్త ఆపు," అంది పక్కనున్న ముసలామె. ఆమె గింజల అంగడి ముత్యాలవ్వ. పన్నెండేళ్ళ పాటు కొమరన్నను తన ధాన్యపు కొట్టులో దాచి, సాకి, ఇంతవాణ్ణి చేసినది ఆమే.

"అవ్వా, పన్నెండు అడుగుల దూరంలో ఉన్నాడు వాడు. ఒక్క గెంతు గెంతితే పీక నా చేతిలో ఉంటది."

"ఉంటది. ఆ తర్వాత? వాడి కొడుకో తమ్ముడో అదే సింహాసనం ఎక్కుతాడు. కేకలున్నంత కాలం ఆ జంభలుడు ఎవణ్ణయినా గెలిపిస్తాడు. చెప్పింది గుర్తుందా?"

గుర్తుంది, ఎందుకుండదు? జంభలుడు కరాళకేతుడి మాంత్రికుడు. సింహాసనం వెనక నల్లకంబళి కప్పుకుని, చంకలో ఒక ఖాళీ కుండ పెట్టుకుని నిలబడ్డాడు చూడండి, వాడే. ఎదుటివాడు నోరు తెరిచినప్పుడు వాడు కుండ మూత తీసి మంత్రం చదివాడంటే, ఆ మనిషి గొంతు కుండలోకి పోతుంది. మూత బిగించాడంటే ఎన్నేళ్ళయినా అందులోనే ఉంటుంది. చెరసాలలో కొరడాలతో కొట్టి "జయ కరాళకేతా!" అనిపించి, ఆ కేకలను ఎర్రదారం కట్టిన కుండల్లో దాచాడు. అలా అనని మొండివాళ్ళ ఆర్తనాదాలను నల్లదారం కట్టిన కుండల్లో దాచాడు, శత్రువుల గుర్రాలను బెదరగొట్టడానికి పనికొస్తాయని. వేదిక కిందున్న బిలంలో ఎర్రదారం కుండలు నలభై వరసగా పెట్టి, మూతలన్నిటికీ ఒకే గొలుసు తగిలించాడు. పైనుంచి గొలుసు లాగితే నలభై మూతలూ ఒక్కసారి లేస్తాయి. కరాళకేతుడు రెండుసార్లు గెలిచింది ఆ కుండల బలంతోనే. ఆ కుండలు ఎందుకో తెలియక చేసి ఇచ్చినవాడు ఓబన్న. తెలిశాక రచ్చబండ దగ్గర నలుగురికీ చెప్పబోయాడు. ఆ సాయంత్రమే భటులు వచ్చి పట్టుకుపోయారు, ఓబన్న మళ్ళీ తిరిగి రాలేదు. నాన్న కళ్ళముందు ఇల్లు తగలబడుతుంటే పదేళ్ళ కొమరన్న చెరువుగట్టు అవతల దాక్కుని చూశాడు. ఆ రోజు వేసిన ఒట్టు ఒక్కటే: కరాళకేతుడు జనం ముందు నేల కరవాలి, ఆ కరిచేటప్పుడు ఎవరి కొడుకు కరిపించాడో వాడికి తెలియాలి.

శంఖం మోగింది. ముత్యాలవ్వ కొంగు బిగించి, మోకాళ్ళు పట్టుకుంటూ పదహారు మెట్లూ ఎక్కింది. ఒక పిడికిట్లో కందులు, ఇంకో పిడికిట్లో పెసలు.

"అయ్యలారా, అమ్మలారా! నాకు డెబ్బై ఏళ్ళు. గట్టిగా అరిస్తే దగ్గొస్తది, దగ్గొస్తే నా ఏలిక ఓడిపోతాడు. పోయిన కేకల నాడు మా వీధి పహిల్వాను ఒక్కడే అరిస్తే ఆవాలు రెండో గీటు దాటినయ్యి. ముసలోళ్ళం, బాలింతలం, రోగిష్టోళ్ళం ముప్ఫైమందిమి కలిసి అరిస్తే మొదటి గీటు దగ్గరే చతికిలబడ్డయ్యి. వాడొక్కడు, మేం ముప్ఫైమందిమి. ఇదేం న్యాయమయ్యా? ఇక మూగోళ్ళ సంగతి. ఈ రాజ్యంలో ఎందుకో ఈ మధ్య మూగోళ్ళు ఎక్కువయ్యారు." ఆమె ఓరగా జంభలుడి వైపు చూసింది. "నోరు లేనోడి మాట లెక్కలోకి రాదంటారు. పన్ను కట్టించుకునేటప్పుడు మాత్రం ఏ భటుడూ ముందు అరిచి చూపించమనలేదే!"

జనం గొల్లుమన్నారు. భటులు కూడా నవ్వి, నాలుక కరుచుకున్నారు.

"నేను చెప్పేది ఇంతే. ఒక తెర కట్టండి. తెర వెనక ఒక కుండ. మనిషికి ఒక కంది గింజ, ఒక పెసర గింజ ఇవ్వండి. కంది ఒకరికి, పెసర ఇంకొకరికి. ఇష్టమైంది కుండలో వెయ్యాలి, మిగిలింది నోట్లో వేసుకుని నమిలి బయటికి రావాలి. అందరిదీ అయ్యాక నలుగురి ముందూ కుండ బోర్లించి లెక్కపెడదాం. పహిల్వానుదీ ఒక్క గింజే, నాదీ ఒక్క గింజే."

కరాళకేతుడు లేచాడు. అరవై దాటినా మనిషి ఏనుగులా ఉన్నాడు. జరీ ఉత్తరీయం, చెవులకు వజ్రాల పోగులు, ముఖాన పెద్దమనిషి నవ్వు. ఆ నవ్వు చూసి కొమరన్న కావిడి బద్దను బిగించి పట్టుకున్నాడు.

"అవ్వ మాటలు ముద్దుగా ఉన్నాయి," అన్నాడు కరాళకేతుడు తీరిగ్గా. "నాకు తెలియనివి రెండు మూడు అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. తెర వెనక ఒకడు గుప్పెడు గింజలు జేబులో తెచ్చి వేస్తే పట్టుకునేదెవరు? లెక్కపెట్టేలోపల కుండే మారిపోతే అడిగేదెవరు? పక్క రాజ్యంవాడు డబ్బిచ్చి మీ గింజ కొనేస్తే తెలిసేదెవరికి? కేకలో ఆ దాపరికం లేదు. మీ తాతలు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, నలుగురూ వినేలా, నా మనిషి ఫలానా అని చాటారు. చాటి, ఆ మాట మీద నిలబడ్డారు. మీరేమో తెర వెనక దాక్కుని గింజ జారవిడిచి పెదవులు తుడుచుకుని వస్తారా? అన్నిటికీ మించి, గింజను దొంగిలించవచ్చు. మనిషి గొంతును ఎవడు దొంగిలించగలడు?"

ఎంత నిబ్బరం! వెనక నిలబడ్డ జంభలుడి కుండ కూడా సిగ్గుపడి ఉంటుంది.

కాని మైదానంలో చాలామంది తలలూపారు. "అదీ నిజమే కదా," అన్నాడు ఒక పెద్ద రైతు, పాపం మంచివాడే. "మా నాయన కేక నేను విన్నాను. ఆ రోజు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నయ్యి. గింజ వేస్తే ఏముంటది, కోడికి మేతేసినట్టు."

"నలుగురూ వినేలా చాటినోళ్ళ ఇళ్ళు ఏమయినయ్యో కూడా చెప్పవయ్యా!" ముత్యాలవ్వ గొంతు చీలింది. "ఎవడు ఎవరి పేరు అరిచాడో ఆ కొండల మీద కూర్చుని నీ భటులు రాసుకున్నారు. కేక అయిన వారానికి కాలిన ఇళ్ళు నూటపదకొండు. ఆ బూడిద ఊడ్చినదాన్ని నేను. గుప్పెడు వేస్తాడంటావా, చెయ్యి ముందర చాపించి చూసి లోపలికి పంపుదాం. కుండ మారుతుందంటావా, కుండ చుట్టూ ఊరోళ్ళమే కూర్చుందాం. దొంగతనానికి కాపలా పెట్టుకోవచ్చు నాయనా, భయానికి ఏం పెడతాం?"

ఆ మాటకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రైతు తల దించుకున్నాడు. ఆవపెద్ద చేత్తో సైగ చేశాడు. "వాదం ముగిసింది. ఏడు శంఖాలు మోగేదాకా ఆలోచించుకోండి. ఏడోది కాగానే తీర్పు కేక. ఇందులో ఏది గెలిచినా పన్నెండేళ్ళ దాకా ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు."

అవును మరి, కేకలు మానాలా వద్దా అన్నది కూడా కేకలతోనే తేలాలి. శాసనం అంటే అంతే!

మెట్లు దిగుతూ ముత్యాలవ్వ కావిడి పక్కన ఆగి, గొంతు తగ్గించింది. "గొలుసు కొక్కెం ఊడదీసి వచ్చెయ్. అంతే. కుండలు ముట్టుకోకు. వాడి కేకలు లేకపోతే మనం గెలుస్తాం. ఇంకే వేషాలూ వెయ్యకు, నా మీద ఒట్టు."

మొదటి శంఖం మోగేసరికి కొమరన్న కావిడితో బిలం ద్వారం దగ్గరున్నాడు. మూడు రోజులుగా దివిటీలకు నూనె మోస్తున్నవాడు కాబట్టి కాపలావాళ్ళు దారి వదిలారు.

లోపల గోడల నిండా అరలు, అరల నిండా కుండలు. వాటిలోంచి సన్నని మూలుగు, జ్వరం వచ్చిన పిల్లవాడి మూలుగులాంటిది, ఆగకుండా వస్తోంది. నాన్న చేతితో చేసిన కుండలే అవన్నీ. బిలానికి కాపలా బండడనే రాక్షసుడు. తాడిచెట్టంత మనిషి, పుట్టు చెవిటి. చెవులున్నవాడెవడూ ఆ మూలుగుల మధ్య మూడు రోజులు మతి పోకుండా ఉండలేడని జంభలుడు వాణ్ణే ఏరి పెట్టుకున్నాడు. చెవులు లేకపోతేనేం, వాడికి అరికాళ్ళున్నాయి. నేల మీద పిల్లి నడిచినా తెలుసుకుంటాడు. నూనె పోసి వెళ్ళాల్సిన అడుగులు దివిటీ దాటి గొలుసు వైపు పడేసరికి, నిద్రపోతున్నవాడల్లా కళ్ళు తెరిచాడు.

రెండో శంఖం. బండడు గదాయుధం ఎత్తి పరిగెత్తుకొచ్చాడు, బిలం కంపించింది. కొమరన్న వెనక్కి తగ్గలేదు. రెండు డబ్బాల నూనె వాలుగా ఉన్న రాతినేల మీద గుమ్మరించి, పక్క అర పట్టుకుని పైకి గెంతాడు. బండడి కాలు నూనె మీద పడింది. అంతే! కాళ్ళు ఆకాశానికి, వీపు నేలకు, గద గోడకు. వాలు వెంట జర్రున జారి, బిలం చివరి నీటిగుంతలో దభీమని పడ్డాడు. లేవబోయినప్పుడల్లా నూనె కాళ్ళు మళ్ళీ లోపలికి లాగుతున్నాయి.

మూడో శంఖం. గొలుసు కొక్కెం కొమరన్న చేతిలో ఉంది. ఒక్క మెలి తిప్పితే ఊడుతుంది, అవ్వ చెప్పిన పని అయిపోతుంది.

వాడు తిప్పలేదు.

ఎదురుగా నల్లదారం కుండలున్నాయి. ఎవరెవరి ఆఖరి అరుపులో వాటిలో ఉన్నాయి. కొమరన్నకు రక్తం కణతలకు ఎక్కింది. "ఊరికే ఓడిపోతావా? ఓడిపోయి, పెద్దమనిషి నవ్వు నవ్వుతూ ఇంటికి పోతావా? కుదరదు కరాళకేతా. నువ్వేం చేశావో నీ జనం చెవులారా వినాలి. నువ్వు చంపినవాళ్ళే నీ సింహాసనం కింది నుంచి అరవాలి!" అని పళ్ళు బిగించి, ఎర్రదారం కుండల మూతలను గొలుసు నుంచి తప్పించి, కుండలను పక్కకు దొర్లించాడు. వాటి చోట నల్లదారం కుండలు పెట్టి, మూతలకు గొలుసు తగిలించాడు. నాలుగో శంఖం, అయిదో శంఖం, ఆరో శంఖం. నలభయ్యో కుండకు కొక్కెం పడేసరికి ఒళ్ళంతా చెమట. ఏడో శంఖానికి రాతి పగులులోంచి పాకి, వేదిక పక్కమెట్ల దగ్గర తేలాడు.

"ఊడదీశావా?" అని అవ్వ కళ్ళతోనే అడిగింది. వాడు తలూపాడు. అబద్ధం ఆడిన సిగ్గు కూడా ఆ క్షణాన వాడికి కలగలేదు.

ఆవపెద్ద భేరి నడుమ ఆవాలు పోసి చెయ్యెత్తాడు. "గింజ కావాలన్నవాళ్ళు!"

జనం ముందు కొండల మీది భటుల వైపు చూశారు. తర్వాత ఎవరో బాలింత, చంకలో బిడ్డతో, "గింజ!" అంది. ఆ వెనకే పదిమంది, వందమంది, వేలమంది. ఆ భటులు ఘంటాలు తీసి రాసుకుంటున్నా ఆగలేదు. మూగవాళ్ళు గుండెలు బాదుకున్నారు. ఆ పెద్ద రైతు కూడా, కళ్ళు మూసుకుని, నరాలు ఉబ్బేలా అరిచాడు. ఆవాలు అయిదో గీటు దాటాయి. కొమరన్నకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవపెద్ద ఆవాలను మళ్ళీ నడిమధ్యకు చేర్చాడు.

"కేక కావాలన్నవాళ్ళు!"

భటులూ బంధువులూ అరిచారు. ఆవాలు మూడో గీటు దగ్గర ఆగాయి. కరాళకేతుడు చిటికె వేశాడు. జంభలుడు సింహాసనం వెనకున్న గొలుసు లాగాడు.

భూమిలోంచి అరుపు వచ్చింది.

అది జయజయధ్వానం కాదు. "కళ్ళు మండుతున్నయ్యి తల్లో!" అని ఒక గొంతు. "నేను ఆ పేరు అరవలేదు దొరా, నా బిడ్డ మీద ఒట్టు, అరవలేదు!" అని ఇంకో గొంతు. "నీళ్ళు, ఒక్క చుక్క నీళ్ళు!" నలభై కుండల్లోంచి, కొండల మధ్య మారుమోగుతూ. మైదానంలో ఒకామె, "అది మా ఆయన గొంతు!" అని కుప్పకూలింది. "అన్నా! అన్నా!" అని ఎవడో నేలకు చెవి ఆనించి బాదుకున్నాడు. ఆ అరుపుల మధ్య కొమరన్నకు ఒక గొంతు వినబడింది.

"కొమరా, ఇటు రాకురా! పరిగెత్తు నాయనా!"

తననే చూస్తూ నాన్న ఆ మాట అన్నట్టుంది. వాళ్ళు కొడుతున్నా, కొడుకును రావద్దంటున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత విన్న ఆ గొంతుకు కొమరన్న మోకాళ్ళ మీద పడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. మైదానమంతా ఏడ్చింది, అరిచింది, శాపనార్థాలు పెట్టింది. కరాళకేతుడి ముఖాన నెత్తురు చుక్క లేదు. "చూడరా! నీ గెలుపు చూసుకో!" అని లేచి పెట్టిన కొమరన్న కేక ఆ హోరులో కలిసిపోయింది.

హోరు తగ్గింది. అందరి కళ్ళూ ఆవపెద్ద మీద పడ్డాయి. ఆయన కళ్ళు మాత్రం భేరి మీద ఉన్నాయి.

ఆవాలు ఏడో గీటు దాటి, అంచు దాటి, నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"శాసనం..." ముసలాయన పెదవులు తడుపుకున్నాడు. "ఎవరు అరిచారు, ఏమని అరిచారు అని శాసనం అడగదు. ఏ పిలుపు మీద ఆవాలు ఎంత దూరం పోయాయన్నదే చూస్తుంది. గింజకు అయిదు. కేకకు... ఏడు దాటింది."

ముత్యాలవ్వ నెత్తిన రెండు చేతులూ పెట్టుకుంది. "ఊడదీశానన్నావు కదరా! ఎంత పని చేశావురా కొడకా!"

కరాళకేతుడికి విషయం అర్థమైంది. పాలిపోయిన ముఖంలోకి మెల్లగా రంగొచ్చింది, ఆ వెనక నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. "విన్నారా నా ప్రజలారా! చచ్చినవాళ్ళు కూడా కేకకే మొగ్గు చూపారు! ఇంకేం కావాలి? తీర్పు కొట్టవయ్యా ఆవపెద్దా!"

జనం ముందుకు తోసుకొచ్చారు. భటులు బల్లేలు దించి అడ్డం పెట్టారు. భేరి అంచు మీద కర్రతో మూడు దెబ్బలు కొడితే తీర్పు ఖాయం. ఆవపెద్ద కళ్ళనీళ్ళతో కర్ర ఎత్తాడు. ఒకటి కొట్టాడు.

కొమరన్న పక్కనున్న భటుడి చేతిలోంచి బల్లెం లాక్కుని, నాలుగేసి మెట్లు ఒక్కో అంగలో దాటి వేదిక మీదికి ఎగిరాడు. ఎదురుగా ఏడడుగుల దూరంలో కరాళకేతుడు, నవ్వుతూ, ఛాతీ విరుచుకుని. గురి తప్పే దూరం కాదు. రెండో దెబ్బ పడింది. చెయ్యి వెనక్కి పోయింది, బల్లెం మొన ఆ జరీ ఉత్తరీయం వైపు గురిగా నిలబడింది. చంపితే? వాడు ఏలికగా చస్తాడు, వాడి కేకలు బతుకుతాయి, నాన్నలాంటి నలభైమంది వాడినే గెలిపించినట్టు మూడు వందల ఏళ్ళు చెప్పుకుంటారు. నాన్న అరుపుతో వీడు గెలవడమా? ఆ కోపం ముందు తక్కిన కోపమంతా చిన్నదైపోయింది.

కొమరన్న మడమ మీద తిరిగి బల్లెం విసిరాడు.

అది భేరి నడిమధ్యన దిగింది. ఏడు గీట్లూ చీలుస్తూ తోలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పర్రున చినిగింది. మూడో దెబ్బకు ఎత్తిన కర్ర గాలిలోనే ఆగింది.

"కొట్టు!" కరాళకేతుడు గర్జించాడు. "అంచు మీదేగా, కొట్టు!"

ఆవపెద్ద చినిగిన భేరిని చూశాడు, కర్రను చూశాడు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ మనిషికి భయపడి బతికిన ముసలాయన కర్రను మోకాలికేసి రెండు ముక్కలు చేశాడు. "చినిగిన భేరి మీద తీర్పు లేదు. కొత్త తోలు నాని, బిగిసి, ఎండడానికి నలభై రోజులు. ఏలిక ఎన్నిక పదో రోజున జరిగి తీరాలి, అది తప్పించే అధికారం నీకూ లేదు, నాకూ లేదు." మెట్ల కిందికి వంగి అడిగాడు. "ముత్యాలవ్వా, నీ కొట్లో కందులూ పెసలూ ఎన్ని బస్తాలున్నాయమ్మా?"

"ఊరందరికీ సరిపోను ఉన్నయ్యి!" అంది ముత్యాలవ్వ. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. మైదానం దద్దరిల్లింది. ఆ హోరును కొలవడానికి భేరి లేదు.

కరాళకేతుడు కత్తి దూసి కొమరన్న ఎదుట నిలబడ్డాడు. కళ్ళలోంచి నిప్పులు కురుస్తున్నాయి. "ఎవడ్రా నువ్వు?"

పన్నెండేళ్ళుగా కొమరన్న ఎదురుచూసింది ఆ ప్రశ్న కోసమే. పెసరబస్తాల మధ్య పడుకుని, జవాబు ఎన్ని వేలసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. గడ్డం పీకి పారేశాడు. మసి తుడుచుకున్నాడు. గుండె నిండా గాలి పీల్చి నోరు తెరిచాడు.

మాట బయటికి రాలేదు.

పక్కన జంభలుడు ఖాళీ కుండ మూత తీసి, పెదవులు ఆడిస్తూ నిలబడ్డాడు. కొమరన్న గొంతులోంచి ఏదో వెచ్చగా జారిపోయింది. మళ్ళీ అరిచాడు. గాలి తప్ప ఏమీ లేదు. మూత టక్కున పడింది.

"పేరు చెప్పవేం?" కరాళకేతుడు పళ్ళికిలించాడు. "నోరు పడిపోయిందా?"

కొమరన్న చెప్పాల్సినదంతా పిడికిట్లోకి తెచ్చి ఆ నోటి మీద గుద్దాడు. ముందు పళ్ళు రెండు రాలాయి, కిరీటం మెట్ల మీద దొర్లింది, ఏలిక వెల్లకిలా ఆవాలలో పడ్డాడు. జనమంతా చూశారు. కొట్టినవాడు ఎవరి కొడుకో మాత్రం పడ్డవాడికి తెలియలేదు.

ఈలోగా జంభలుడు ఈల వేశాడు. ఎర్రకొండ మీది నుంచి గుర్రమంత రాబందు రెక్కలు మూసుకుని దూసుకొచ్చింది. మాంత్రికుడు కుండను చంకలో ఇరికించుకుని దాని వీపు మీదికి ఎక్కాడు. బల్లేలు చుట్టూ మూసుకుంటున్నాయి. కొమరన్న పడ్డవాడి ఛాతీ మీద అడుగేసి గెంతి, లేస్తున్న రాబందు కాలు రెండు చేతులా పట్టుకున్నాడు. గోళ్ళు మణికట్టులో దిగాయి, నెత్తురు మోచేతుల వెంట కారింది. వేదిక, మైదానం, చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్న ముత్యాలవ్వ, అన్నీ కిందికి జారిపోయాయి. పైనుంచి జంభలుడు వంగి చూసి, మొలలోంచి కొడవలి తీశాడు. కొమరన్న ఒక చెయ్యి వదిలి, వాడి కంబళి అంచు అందుకుని, తన గొంతున్న కుండ వైపు పాకడం మొదలుపెట్టాడు.